మోటారుకు ముందే పరీక్ష!

ఒక రైతు బావికి కొత్త కరెంటు మోటారు బిగించాడనుకుందాం. పదిరోజులకే అది కాలిపోయింది. ఏడాది గ్యారంటీ ఉంది కనుక కంపెనీ ఉచితంగా బాగుచేసింది. కాని, ఈలోగా ఎండిన నారుమడికి గ్యారంటీ ఎవరిస్తారు?

నిజానికి ఆ రిపేరు కూడా ఉచితం కాదు. మెకానిక్ జీతం, రవాణా, కొత్త వైండింగు ఖర్చులను కంపెనీ ముందే మోటారు ధరలో కలుపుతుంది. ఈ ఖర్చు తగ్గే మార్గం లేదా?

చాలా యంత్రాలు ఎప్పుడెప్పుడు చెడిపోతాయో గ్రాఫు గీస్తే, అది స్నానాల తొట్టిలా కనిపిస్తుంది. మొదట్లో ఎక్కువ, మధ్యలో తక్కువ, చివర మళ్ళీ ఎక్కువ. మొదటివి తయారీలో దాగిన లోపాలు. చివరివి అరుగుదల వల్ల వచ్చేవి.

దాగిన లోపాన్ని ఫ్యాక్టరీలోనే పట్టాలి. వైండింగు తీగ మీది పూత ఎక్కడైనా గీసుకుపోయిందా? మామూలుకంటే ఎక్కువ వోల్టేజిని కొద్దిసేపు ఇచ్చి చూస్తారు. బలహీనమైన ఇన్సులేషన్ అక్కడే బయటపడుతుంది. మోటారును ఖాళీగా తిప్పి శబ్దం, అదురు, కరెంటు గమనిస్తారు.

పరీక్షకూ ఖర్చవుతుంది కదా! లెక్క వేద్దాం. 1000 మోటార్లలో 30 లోపమున్నవి అనుకోండి. కొన్నవారి ఊరికి వెళ్ళి బాగుచేయడానికి ఒక్కొక్కదానికి 2000 రూపాయలైతే మొత్తం 60,000. పరీక్షకు మోటారుకు 20 రూపాయల చొప్పున 20,000. అందులో 24 దొరికాయి. ఫ్యాక్టరీలో సరిచేయడానికి ఒక్కొక్కదానికి 300 చొప్పున 7,200. తప్పించుకున్న ఆరింటికి 12,000. మొత్తం 39,200. అంటే 20,800 రూపాయలు మిగిలాయి! అదే పరీక్షకు మోటారుకు 50 రూపాయలైతే? నష్టమే. కనుక ఏ పరీక్ష ఎంతవరకు చేయాలో కూడా లెక్క చూసుకోవాలి.

ఇక అరుగుదల సంగతి. మోటారుకు పెద్ద శత్రువు వేడి. వేడి సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల ఉజ్జాయింపు లెక్క. ఒంటిమీది మట్టి తుడవడం, బేరింగులకు తగినంత గ్రీజు పెట్టడం, వదులైన కనెక్షన్లు బిగించడం, వోల్టేజి బాగా తగ్గినప్పుడు ఆపివేయడం – ఇవన్నీ వేడిని తగ్గించేవే. చెడకముందే చేసే ఈ పనులే ముందుజాగ్రత్త మరమ్మతులు.

మీరూ ఒక పని చేయండి. మీ వీధిలో ఫాన్లు, మిక్సీలు కొన్న ఎన్ని నెలలకు చెడిపోయాయో అడిగి రాసుకోండి. గ్రాఫు గీయండి. తొట్టి కనిపించిందా?