స్తూప ప్రదక్షిణము

అమరావతిలో కృష్ణాస్నానము చేసి అమరేశ్వరుని సేవించిన యాత్రికులు సమీపముననే యున్న మహాచైత్యమును చూచి తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "ఇది యెముకలపై గట్టిన సమాధి కదా, వైష్ణవుడు దీనికి ప్రదక్షిణము చేయవచ్చునా?" శంక సహజమైనదే. అస్థిస్పర్శ అశుచి యని మన గృహములలో చిన్ననాటినుండి నేర్పుచున్నారు.

స్తూపమనగా కుప్ప, రాశి. బుద్ధుని దేహము దహింపబడిన పిమ్మట ద్రోణుడను బ్రాహ్మణుడు ధాతువులను ఎనిమిది భాగములు చేసి పంచెననియు, వానిపై స్తూపములు వెలసెననియు పాలి గ్రంథములు చెప్పుచున్నవి. చక్రవర్తికి వలెనే నాలుగు త్రోవల కూడలిలో స్తూపము నిలుపవలెనని మహాపరినిబ్బాన సుత్తము విధించినది. కనుక నిది జనులు తొలగి పోవలసిన శ్మశానము కాదు. పదుగురు నడచుచోట నిలిపిన రాజచిహ్నము. శిఖరమున ఛత్రముండుట అందులకే. ఇక పేర్లను చూడుడు. ధాతువు నుంచిన కతమున ధాతుగర్భమనిరి. సింహళమునందలి 'దాగబ' శబ్దము దానినుండి వచ్చినదే. అర్ధగోళమునకు అండమని పేరు. గర్భము, అండము - ఈ రెండును పుట్టుకను దెలుపు మాటలు!

ఆంధ్రదేశపు స్తూపములకు ఆయకవేదికలు ప్రత్యేకాలంకారములు. అమరావతిలో నాలుగు దిక్కులందును ఒక్కొక్క వేదికపై ఐదేసి స్తంభములు, వెరసి 20 ఉండెడివి. జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ధర్మచక్రప్రవర్తనము, మహాపరినిర్వాణము అను ఐదు ఘట్టములకు అవి సంకేతములని పెద్దలు చెప్పుదురు. సుమారు 160 అడుగుల వ్యాసముగల చైత్యమును చుట్టివచ్చు భక్తుడు ప్రతి దిక్కునను ఆ జీవితమును మొదటినుండి తుదివరకు స్మరించుచుండెను. చుట్టునున్న ప్రాకారపు వెలుపలి ముఖమున వికసించిన పద్మములు; లోపలి ముఖమున జాతకకథలు, బుద్ధచరితము. బయట నిలిచినవానికి పూవులు, లోనికి వచ్చి నడచినవానికి కథలు. ప్రాచీన ఫలకములలో బుద్ధుని రూపమే యుండదు. శూన్యాసనము, బోధివృక్షము, పాదముద్రలు మాత్రముండును. శఠారిని శిరమున ధరించు వైష్ణవునకు పాదమాహాత్మ్యమును వేరుగ చెప్పనక్కరలేదు. అయితే ఆ పాదములందలి చక్రమును సుదర్శనమని చూపి కొందరు మురిసిపోవుదురు. అది పొరపాటు, అది ధర్మచక్రము.

భేదమును మరుగుపరుపరాదు. ఆలయ గర్భగృహమునకు ద్వారము కలదు. లోపలనున్న అర్చామూర్తి మేల్కొని, ఆరగించి, భక్తుని కటాక్షించును. స్తూపమునకు ద్వారము లేదు. తిరిగిరానివాని స్మృతిని చుట్టి నడచుటయే యందలి పూజ. భాగవతము బుద్ధుని అవతారములలో లెక్కించి, అసురమోహనము ప్రయోజనమని చెప్పినది. జయదేవుడో, పశుహింసను నిరసించిన ఆయన కారుణ్యమునే కీర్తించెను. బౌద్ధులు ఈ యవతారమాటను అంగీకరింపరు, అంగీకరింపుమని మనము పట్టుపట్టనేల? అర్చావతారబుద్ధితో గాక, కరుణామూర్తియైన మహాత్ముని యెడ గౌరవముతో ప్రదక్షిణించిన వైష్ణవునకు స్వధర్మహాని యేమియు లేదు.

1797లో కాలిన్ మెకంజీ చూచునాటికే ఇచటి రాళ్లు కట్టడములకు తరలుచుండెను; తరువాత ఎన్నియో సున్నపు బట్టీల పాలైనవి. మిగిలిన శిల్పములలో ముఖ్యమైనవి లండన్, చెన్నై మ్యూజియములకు చేరినవి. అమరావతిలో నేడు కనిపించునది ఎత్తు తగ్గిన దిబ్బయు, కొన్ని ఫలకములును మాత్రమే. దానిని కుడివైపున నుంచుకొని నేటికిని చుట్టి రావచ్చును.