ఆగిపోయిన టైమరు

యానాం పట్టణంలోని అగ్రహారంలో మా అక్కయ్య ఇల్లు ఉంది. గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ విడిపోయే చోట యానాం వెలసింది. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఈ ఊరు నేడు పుదుచ్చేరిలో భాగం. సముద్రం దగ్గర కావడంవల్ల గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది. ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

అక్కయ్యకు కీళ్ళ నొప్పులు. బట్టలు ఉతకలేదు. ఇరవై ఏళ్ల నాటి వాషింగ్ మెషీనే ఆమెకు ఆధారం. ఉతకడానికి ఒక తొట్టి, పిండడానికి మరొక తొట్టి ఉండే రకం అది. ఒకనాడు ఉతికే వైపు టైమరు పది అంకె దగ్గర ఆగిపోయింది. మోటారు మాత్రం ఒకే దిక్కుకు తిరుగుతూనే ఉంది. బట్టలన్నీ పురిపెట్టిన తాడులా చుట్టుకుపోయాయి. కాలుతున్న వాసన వచ్చి అక్కయ్య స్విచ్చి ఆపింది. మరికాస్త ఆలస్యమైతే మోటారు కాలిపోయేదే. మరమ్మతుకు వచ్చినతను "పాతదండీ, కొత్తది కొనుక్కోండి" అని వెళ్ళిపోయాడు.

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని నేర్చిన మా మేనల్లుడు మొదట ప్లగ్గు పీకాడు.

"స్విచ్చి ఆపితే చాలదట్రా?" అన్నాను.

"చాలదు మావయ్యా. వైరింగు తప్పుగా ఉంటే స్విచ్చి ఆపినా లోపల కరెంటు ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటరులో కొంత నిలవ ఉండిపోతుంది" అంటూ దానిని ఒక బల్బు ద్వారా ఖాళీ చేశాడు. పిల్లలూ! ఇది పని తెలిసిన పెద్దలు చేయవలసినది. మీరు చేయరాదు.

మీటను పైకి లాగి, మరలు విప్పి, ఏ రంగు తీగ ఎక్కడ ఉందో కాగితం మీద రాసుకున్నాడు. తరువాత టైమరు మూత తీశాడు. చూస్తే అది చిన్న గడియారమే! మీట తిప్పినప్పుడు మనం స్ప్రింగుకు కీ ఇస్తున్నామన్నమాట. ఆ స్ప్రింగు ఒక్కసారిగా విచ్చుకోకుండా ఒక కొక్కెం పళ్ళ చక్రాన్ని ఒక్కొక్క పన్ను చొప్పున వదులుతుంది. 1656లో హైగెన్స్ రూపొందించిన లోలకపు గడియారంలోనూ ఇటువంటి కొక్కెమే ఉంది. చక్రాలతోపాటు తిరిగే గతుకుల బిళ్ళ రాగి రేకులను కలుపుతూ, విడదీస్తూ ఉంటుంది. అందువల్లనే మోటారు కాసేపు ఇటు, కాసేపు అటు తిరుగుతుంది.

చక్రాల మధ్య పసుపుపచ్చని జిగురు కనబడింది. "అమ్మా, ఇందులో ఏమైనా పోశావా?"

"మీట బిగుసుకుందని కొబ్బరినూనె వేశానురా" అన్నది అక్కయ్య మెల్లగా.

శీతకాలంలో సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టడం మీరు చూసే ఉంటారు. దానికి దుమ్ము, సబ్బుపొడి తోడయ్యాయి. కొక్కెం కదలలేకపోయింది. వాడు స్ప్రింగును కదిలించకుండా సన్నని కుంచెను స్పిరిటులో ముంచి, ఒక్కొక్క పన్నూ తుడిచాడు. నల్లబడిన రేకుల కొనలను దళసరి కాగితంతో రుద్దాడు. స్పిరిటు పూర్తిగా ఆరేదాకా ఆగాడు. చక్రం పన్ను విరిగి ఉంటే టైమరు మొత్తం మార్చక తప్పదట.

కరెంటు ఇవ్వకుండానే మీట పదిహేను దాకా తిప్పాడు. టిక్ టిక్ మని వినిపించింది. నా చేతి గడియారంతో సరిచూస్తే అరనిమిషం తేడా వచ్చింది. ఉతుకుకు అంత తేడా లెక్కలోకి రాదు. తీగలు మళ్ళీ కాగితం ప్రకారం కలిపాడు. ఆ సాయంత్రమే అక్కయ్య రెండు దుప్పట్లు వేసింది.

పిండే వైపు మీట కూడా కొంచెం గట్టిగానే తిరుగుతోంది. అందులో నూనె వేయలేదని అక్కయ్య అంటుంది. వచ్చే ఆదివారం విప్పి చూస్తానన్నాడు మా మేనల్లుడు.