శాంతిని బోధించిన యోడర్: ఆయన బ్రతుకు నేర్పే పాఠం



మత్తయి సువార్త 18వ అధ్యాయం 15వ వచనం మీకు తెలిసినదే. సహోదరుడు నీకు అపరాధం చేస్తే ముందుగా నీవొక్కడవే వెళ్ళి అతని తప్పు తెలియజెప్పమని ప్రభువు సెలవిచ్చాడు. ఇరుగుపొరుగు తగవులకు ఇంతకంటె మంచి మందు లేదు. కాని మంచి మందైనా తగని రోగానికి వాడితే విషమవుతుంది. ఒక వేదాంత పండితుని జీవితం ఇందుకు నిదర్శనం.

మెన్నోనైట్ క్రైస్తవులు 16వ శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన సంఘంవారు. కతోలిక గురుత్వాన్ని విడిచిన మెన్నో సైమన్స్ పేరుతో వారికి ఆ పేరు వచ్చింది. ఆయుధం పట్టకపోవడం వారి సంప్రదాయం. మన మహబూబ్‌నగర్ ప్రాంతంలోను మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలున్నాయి.

20వ శతాబ్దంలో ఆ సంప్రదాయాన్ని ప్రపంచానికి వినిపించినవాడు జాన్ హోవర్డ్ యోడర్. 1927లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జన్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఫ్రాన్సులో సహాయ కార్యక్రమాలలో పనిచేశాడు. స్విట్జర్లాండులోని బాసెల్‌లో డాక్టరేటు పొందాడు. ఇండియానా రాష్ట్రంలోని మెన్నోనైట్ సెమినరీలోను, అటుపై నోటర్ డామ్ కతోలిక విశ్వవిద్యాలయంలోను బోధించాడు. 1997లో మరణించాడు.

1972లో వెలువడిన ‘ది పాలిటిక్స్ ఆఫ్ జీసస్’ ఆయనకు పేరు తెచ్చింది. క్రీస్తు జీవితం మన అంతరాత్మకే కాదు, సంఘజీవనానికి, రాజకీయానికి కూడా ప్రమాణమని ఆయన వాదన. సిలువ అంటే మనకు వచ్చే ప్రతి జబ్బూ కష్టమూ కాదు. బలప్రయోగాన్ని నిరాకరించి శత్రువును ప్రేమించినందుకు చెల్లించే మూల్యం. ఈ మాట న్యాయయుద్ధ సిద్ధాంతం చదువుకొన్న మనబోటి వారిని కూడా ఆలోచింపజేసింది.

ఇంత చెప్పిన మనిషే ఏళ్ళ తరబడి స్త్రీలను లైంగికంగా వేధించాడు. వారిలో ఆయన విద్యార్థినులూ ఉన్నారు. బాధితులు నూరుమందికి పైబడి ఉంటారని 2015లో ప్రచురితమైన చరిత్ర పరిశోధన తెలిపింది. సెమినరీ పెద్దలు విషయం తెలిసి కూడా రహస్యంగానే మందలిస్తూ వచ్చారు. 1984లో రాజీనామా చేయించారు. కారణం మాత్రం బయటపెట్టలేదు. సంఘం బహిరంగంగా క్రమశిక్షణ చర్య చేపట్టేసరికి 1992 వచ్చింది.

ఇక్కడే మనం నేర్వవలసిన పాఠముంది. ఫిర్యాదు చేసినవారు తనను ముఖాముఖి కలవాలని యోడర్ పట్టుబట్టాడు. అందుకు ఆధారంగా చూపింది మత్తయి 18వ అధ్యాయాన్నే! గాయపడినది శిష్యురాలు, గాయపరచినది గురువు. ఒంటరిగా అతని గదికి మళ్ళీ వెళ్ళమనడం ఏ న్యాయం?

ఆ అధ్యాయాన్ని మొదటినుండి చదవండి. 15వ వచనానికి ముందే 6వ వచనంలో చిన్నవారిని ఆటంకపరచేవాని మెడకు తిరుగటిరాయి కట్టే మాట ఉంది. ఆ వెంటనే తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానం వస్తుంది. చిన్నవారి రక్షణ ముందు, రాజీ తరువాత. ప్రభువు పెట్టిన వరుసను యోడర్ తలక్రిందులు చేశాడు. పెద్దలు పేరుప్రతిష్ఠలకు భయపడి ఊరకున్నారు. చేతిలో కత్తి లేకపోయినా అదీ హింసే.

ఇది పరాయి సంఘం మీద వేలెత్తి చూపడానికి వ్రాయడం లేదు. మన శ్రీసభలోను ఇటువంటి పాపాలను కప్పిపుచ్చడం జరిగింది. అందుకే 2019లో ఫ్రాన్సిస్ పాపుగారు, ఇటువంటివి తెలిస్తే గురువులు, మఠవాసులు పై అధికారులకు తెలియజేసి తీరాలని శాసనం చేశారు. యోడర్ బోధించిన సెమినరీ 2015లో తన తప్పును బహిరంగంగా ఒప్పుకొని బాధిత స్త్రీలను క్షమాపణ వేడుకొంది.

అయితే ఆయన పుస్తకాలను ఏమి చేయాలి? శత్రువును ప్రేమించమన్న మాట యోడర్ సొంతం కాదు, క్రీస్తుది. కనుక అది నిలుస్తుంది. కాని ఆయనను చదివేటప్పుడు ఆ స్త్రీలను మరువరాదు.

ధ్యానానికి: మీ విచారణలో ఒక ఆడపిల్ల కన్నీళ్ళతో పెద్దమనిషి పేరు చెబితే, మీరు ముందుగా ఎవరి పరువును తలచుకొంటారు?