పదేళ్ల పొమేరియన్‌కు ఇల్లు వెతుకుదాం

మన ఊళ్లలో పొమేరియన్ అని పిలిచే తెల్లకుక్క చాలావరకు ఇండియన్ స్పిట్జ్. ఇంటివాళ్లు ఊరు మారినప్పుడో, పెంచిన పెద్దాయన పోయినప్పుడో ఇలాంటి కుక్కలు రోడ్డున పడుతుంటాయి. వీధిలో బతకడం వాటికి చేతకాదు. అలాంటిదొకటి, పదేళ్లు దాటింది, మన చేతికి వచ్చిందనుకుందాం. ముసలికుక్కను ఎవరు తీసుకుంటారని చుట్టుపక్కలవాళ్లు అంటారు. తీసుకునేవాళ్లు ఉన్నారు. చిన్నజాతి కుక్కలు పద్నాలుగు, పదిహేనేళ్లు బతకడం మామూలే. పిల్లకుక్క అల్లరిని తట్టుకోలేని, కానీ కుక్క లేకుండా ఉండలేని ఇళ్లకు ఇదే సరైన తోడు. వయసు దాచకుండా, ఆ వయసుకు నప్పే ఇంటిని వెతకడమే మన పని.

కావలసినవి

- ఛాతీ చుట్టూ వేసే హార్నెస్, దానికి తాడు. మెడపట్టీకి తాడు కట్టొద్దు. చిన్నజాతి ముసలికుక్కల్లో శ్వాసనాళం బలహీనపడి ఉండొచ్చు. లాగితే దగ్గు మొదలవుతుంది.
- మన ఫోన్ నంబరు చెక్కించిన చిన్న బిళ్ల.
- జారని పట్టా లేదా గోనెపట్టా, పాత దుప్పటి.
- ఒక ఫైలు. డాక్టరు రాసిన ప్రతి చీటీ అందులోకే.
- కొన్ని వారాల ఓపిక. అప్పటిదాకా కుక్క మన ఇంట్లోనో, నమ్మకమైన స్నేహితుల ఇంట్లోనో ఉండాలి.

విధానం

1. ముందు పాత యజమానిని వెతుకుదాం. అది తప్పిపోయిన కుక్క కావచ్చు. ఆస్పత్రిలో మైక్రోచిప్ ఉందేమో స్కాన్ చేయిద్దాం. ఉంటే 15 అంకెల నంబరు వస్తుంది. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెబుదాం, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెడదాం. ఒక గుర్తు మాత్రం బయటపెట్టొద్దు. చెవి వెనక మచ్చో, విరిగిన పన్నో ఏదైనా సరే. నాదేనంటూ వచ్చినవాళ్లను ఆ గుర్తు అడుగుదాం, పాత ఫొటోలు చూపించమందాం.

2. మొదటి రెండు రోజులు కదిలించకుండా వదిలేద్దాం. రాగానే స్నానం చేయించాలనిపిస్తుంది, ఆగుదాం. ఇంట్లో వేరే కుక్కలుంటే రెండు వారాలు విడిగా ఉంచుదాం. ఆకలితో ఉందని ఒకేసారి గిన్నెడు పెడితే వాంతులు అవుతాయి. ఉడికించిన చికెన్ కలిపిన మెత్తటి అన్నం కొద్దికొద్దిగా, రోజుకు నాలుగుసార్లు చాలు. ఉప్పుకారాలు వద్దు, ఉల్లిపాయ అసలే వద్దు. అది కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తుంది. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా దూరంగా ఉంచుదాం. భయంలో కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్దాం.

3. డాక్టరుకు చూపిద్దాం. ఈ మెట్టు దగ్గర డబ్బు గురించి వెనకాడొద్దు. తర్వాతి మెట్లన్నీ దీనిమీదే నిలబడతాయి. ఖర్చు భారమైతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలల ఆస్పత్రులు ఉన్నాయి. నాలుగు సంగతులు తప్పకుండా అడుగుదాం.

పళ్లు: నోరు కంపు కొడుతుంటే పళ్లు చెడి ఉంటాయి, తినలేకపోవడానికి అదే కారణం కావచ్చు. గుండె: రాత్రిళ్లు దగ్గుతోందంటే గుండె కవాటం లీకవుతుండొచ్చు. చిన్నజాతి ముసలికుక్కల్లో ఇది తరచూ కనిపిస్తుంది, రోజూ మందులతో నెట్టుకురావచ్చు. రక్తపరీక్ష: కిడ్నీ, కాలేయంతో పాటు పిడుదు జ్వరం కూడా చూడమందాం. కళ్లు: నల్లగుడ్డులో నీలిపొర కనిపించగానే గుడ్డిదని అనుకోవద్దు. వయసుతో వచ్చే ఆ పొర వల్ల చూపు పెద్దగా తగ్గదు. శుక్లమో కాదో డాక్టరు చూసి చెబుతారు.

రేబిస్ టీకా వేయిద్దాం. ఆడకుక్కయితే, మత్తును తట్టుకోగలదని డాక్టరు చెబితే, గర్భసంచి తీయిద్దాం. దీనివల్ల రెండు మేళ్లు. ముసలి ఆడకుక్కలకు గర్భసంచిలో చీము పట్టే జబ్బు ప్రాణాల మీదికి తెస్తుంది, అది తప్పుతుంది. పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్లు కూడా దగ్గరికి రారు.

4. జుట్టు శుభ్రం చేయిద్దాం. ఉండలు కట్టిన జుట్టును కత్తెరతో కోయొద్దు. చర్మం ఆ ఉండలోకి లాక్కుని ఉంటుంది, తెగుతుంది. మెషీన్ ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్దాం. వేసవి అని గుండు కొట్టించొద్దు. ఈ జాతికి ఒక్కోసారి జుట్టు మళ్లీ సరిగ్గా రాదు.

5. స్వభావం రాసుకుందాం. రెండు వారాలు గమనిస్తే చాలు. మెట్లు ఎక్కుతుందా? రాత్రి ఎన్నిసార్లు బయటికి వెళ్తుంది? కాలింగ్ బెల్‌కు మొరుగుతుందా? చిన్నపిల్లలు ముట్టుకుంటే ఏం చేస్తుంది? ఒంటరిగా ఎంతసేపు ఉంటుంది? తీసుకునేవాళ్లు అడిగేవి ఇవే.

6. ఫొటోలు, ప్రకటన. పొద్దున వెలుతురులో, నేలమీద కూర్చుని దాని కళ్ల ఎత్తులో తీద్దాం. కుర్చీ పక్కన నిలబెట్టి ఒకటి తీస్తే సైజు తెలుస్తుంది. నడుస్తున్న చిన్న వీడియో ఉంటే మరీ మంచిది. జాలిపుట్టించే ఫొటోలకు లైకులు వస్తాయి, ఇల్లు రాదు. ప్రకటన ఇలా రాద్దాం:

“చిట్టి. ఆడకుక్క, సుమారు పదేళ్లు, ఆరు కిలోలు. ఆపరేషన్, టీకాలు అయ్యాయి. నాలుగు పళ్లు లేవు, మెత్తటి అన్నం ఇష్టం. గుండెకు రోజూ ఒక మాత్ర వేయాలి. పొద్దున, సాయంత్రం పావుగంట నడక చాలు. మనుషుల పక్కనే పడుకుంటుంది. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి ఇవ్వం.”

లోపాలు రాస్తే ఫోన్లు తగ్గుతాయి. వచ్చిన ఆ కొద్ది ఫోన్లలోనే మనకు కావలసిన ఇల్లు ఉంటుంది. హైదరాబాద్‌లో బ్లూక్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ వంటి సంస్థలకు ఈ ప్రకటన పంపి చూద్దాం. డాక్టర్లకూ ఇద్దాం, ఏ ఇంట్లో ముసలికుక్క పోయి నెలలు గడిచాయో వాళ్లకు తెలుస్తుంది.

7. ఇల్లు చూసి మాట్లాడదాం. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు వెళ్దాం. కొడుకు ముచ్చటపడి తీసుకుని, పనంతా తల్లిమీద పడే ఇళ్లలో కుక్క ఎక్కువ రోజులు ఉండదు. పగలు ఎవరుంటారు? ఊరెళ్తే ఎవరు చూస్తారు? మందుల ఖర్చు భరించగలరా? అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా? బాల్కనీ గ్రిల్ సందులోంచి ఆరు కిలోల కుక్క దూరిపోతుంది, అది చూద్దాం. నున్నటి టైల్స్ మీద ముసలికాళ్లు జారతాయి కాబట్టి పట్టాలు వేయమందాం. తీసుకునేవాళ్లు డెబ్బై దాటినవాళ్లయితే, తర్వాత బాధ్యత ఎవరిదో మర్యాదగానే అడుగుదాం. “అమ్మా, మీకు ఒంట్లో బాగోలేకపోతే చిట్టిని ఎవరు చూసుకుంటారు?” అంటే ఎవరూ నొచ్చుకోరు.

8. కాగితం రాసుకుని అప్పగిద్దాం. ఇతరులకు ఇవ్వకూడదు, అమ్మకూడదు, కుదరకపోతే మనకే తిరిగివ్వాలి అని సంతకాలు, గుర్తింపు కార్డు నకలు తీసుకుందాం. పొద్దుటిపూట మనమే తీసుకెళ్దాం. వారానికి సరిపడా అలవాటైన తిండి, మందులు, ఫైలు, ఉతకని దుప్పటి వెంట ఇద్దాం. ఆ దుప్పటి వాసన దానికి ధైర్యం.

తరచూ జరిగే పొరపాట్లు

- మొదట అడిగినవాళ్లకే ఇచ్చేయడం. తొందరపెట్టేవాళ్లను ఇంకొంచెం ఎక్కువే ప్రశ్నిద్దాం.
- “పిల్లలు పెడుతుందా?” అని అడిగినవాళ్లతో మాటలు కొనసాగించడం. అక్కడే ఆపేద్దాం.
- పుట్టినరోజు కానుకగా ఇవ్వడం. కుక్కతో ఉండాల్సిన మనిషి స్వయంగా వచ్చి చూడాలి.
- దీపావళి వారంలో అప్పగించడం. కొత్త ఇల్లు, టపాకాయలు, తెరిచిన తలుపు, ఈ మూడూ కలిస్తే కుక్క పారిపోతుంది. పండుగ అయ్యాకే ఇద్దాం.
- కొత్త ఇంట్లో మొదటి రోజుల్లోనే తాడు విప్పి వదలడం. గేటు లోపలైనా సరే, కొన్ని వారాలు తాడు ఉండాల్సిందే.
- “తిండి ముట్టడం లేదు, మంచం కింద నుంచి రావడం లేదు” అని రెండో రోజే ఫోన్ వస్తే కంగారుపడి వెనక్కి తెచ్చేయడం. నీళ్లు తాగుతోందా అని అడుగుదాం. తాగుతుంటే, దాన్ని పిలవకుండా మంచం పక్కన నేలమీద కూర్చుని పేపరు చదువుకోమందాం. మరుసటి రోజుకీ తినకపోయినా, నీళ్లు ముట్టకపోయినా మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమందాం. వారానికి, నెలకు, మూడు నెలలకు మనమే ఫోన్ చేద్దాం. ఆరునెలలకొకసారి రక్తపరీక్ష గుర్తుచేద్దాం.