పాఠం 14: పేర్లు రాసినవాళ్ళు, పేర్లు రాయనివాళ్ళు

పిల్లలూ, అమెరికా 50 డాలర్ల నోటు మీద గడ్డం ఉన్న ఒకాయన బొమ్మ ఉంటుంది, చూశారా? ఆయన యులిసిస్ గ్రాంట్. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాన్ని గెలిపించిన సేనాపతి. తర్వాత దేశాధ్యక్షుడు కూడా అయ్యాడు. ఆ యుద్ధంతోనే అమెరికాలో బానిసత్వం పోయింది. కానీ ఆయన అత్తవారిల్లు మాత్రం బానిసల చేత పని చేయించుకున్న ఇల్లు! ఆ ఇంటి కథ చదువుదాం.

డెంట్ కుటుంబం

ఫ్రెడరిక్ డెంట్ మేరీల్యాండ్ నుంచి మిస్సోరీకి వచ్చిన వ్యాపారి. 1820లో సెయింట్ లూయిస్ దగ్గర వైట్ హేవెన్ అనే పొలం కొన్నాడు. అది పెరిగి సుమారు 850 ఎకరాలు అయింది. ఆయన కూతురు జూలియా 1826లో పుట్టింది. కొడుకు ఫ్రెడ్ వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో చదివాడు. అక్కడ ఫ్రెడ్‌తో ఒకే గదిలో ఉన్న స్నేహితుడే గ్రాంట్. అలా గ్రాంట్ ఆ ఇంటికి వచ్చాడు. 1848 ఆగస్టు 22న జూలియాని పెళ్ళి చేసుకున్నాడు.

గ్రాంట్ వాళ్ళ నాన్న జెస్సీకి బానిసత్వం అంటే గిట్టదు. గ్రాంట్ అమ్మానాన్నలు ఆ పెళ్ళికి రాలేదు.

ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?

1850 జనాభా లెక్కల ప్రకారం డెంట్ దగ్గర 30 మంది నల్లజాతివాళ్ళు బానిసలుగా ఉన్నారు. పొలం దున్నింది, వంట చేసింది, జూలియాని పెంచింది వాళ్ళే. డెంట్ కుటుంబంలో అందరి పేర్లూ ఒక పుస్తకంలో రాశారు. బానిసల లెక్క వేరే పుస్తకంలో రాశారు. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు ఉంటాయి. పేరు ఉండదు! ఎందుకంటే చట్టం వాళ్ళని మనుషులుగా కాక ఆస్తిగా చూసింది.

1870 లెక్కల్లోనే మొదటిసారి వాళ్ళందరి పేర్లూ రాశారు. అందుకే ఈ రోజు ఒక నల్లజాతి అమ్మాయి తన ముత్తాతల కోసం వెతికితే, 1870 దగ్గర దారి ఆగిపోవచ్చు. అంతకుముందు పేర్లు కావాలంటే యజమాని వీలునామాలు, అమ్మకం కాగితాలు, ఉత్తరాలు చూడాలి. అంటే యజమాని కుటుంబ చరిత్రలోనే ఆమె కుటుంబ చరిత్ర కూడా దాగి ఉంది.

మనకు తెలిసిన కొన్ని పేర్లు

మేరీ రాబిన్సన్ ఆ ఇంట్లో వంట చేసేది. 1885లో గ్రాంట్ చనిపోయినప్పుడు ఆమె తన జ్ఞాపకాలను ఒక పత్రికకు చెప్పింది.

విలియం జోన్స్‌ని గ్రాంట్ తన మామగారి దగ్గర కొన్నాడు. 1859 మార్చి 29న సెయింట్ లూయిస్ కోర్టులో విముక్తి పత్రం మీద సంతకం పెట్టి, అతన్ని వదిలేశాడు. అప్పుడు గ్రాంట్‌కి డబ్బుకి చాలా ఇబ్బందిగా ఉంది. అమ్మితే డబ్బు వచ్చేది, కానీ అమ్మలేదు. అయితే జూలియాకి పని చేసే డాన్, ఎలైజా, జాన్, ఇంకో జూలియా అప్పటికి బానిసలుగానే ఉన్నారు. మిస్సోరీలో బానిసత్వం రద్దయింది 1865 జనవరిలో.

డెంట్ మనసు మాత్రం మారలేదు. ముసలితనంలో అల్లుడి దగ్గరే, వైట్ హౌస్‌లో ఉంటూ దక్షిణాది పక్షమే మాట్లాడేవాడు. 1870లో, అల్లుడు అధ్యక్షుడిగా ఉండగానే, నల్లజాతి మగవాళ్ళకు ఓటు హక్కు ఇచ్చే 15వ సవరణ వచ్చింది. డెంట్ 1873లో చనిపోయాడు.

కొత్త మాటలు

విముక్తి – స్వేచ్ఛ దొరకడం
వీలునామా – చనిపోయాక తన ఆస్తి ఎవరికి చెందాలో రాసిన కాగితం
గిట్టదు – అస్సలు నచ్చదు

వరసలు చూద్దాం

గ్రాంట్‌కి డెంట్ మామగారు. డెంట్‌కి గ్రాంట్ అల్లుడు. ఫ్రెడ్ జూలియాకి అన్న కాబట్టి గ్రాంట్‌కి బావ అవుతాడు. తమ్ముడైతే బావమరిది అయ్యేవాడు. మరి డెంట్, జెస్సీ ఒకరికొకరు ఏమవుతారు? వియ్యంకులు!

ఆలోచించి చెప్పండి

1. 1850 లెక్కల్లో 30 మంది పేర్లు ఎందుకు రాయలేదు?
2. విలియం జోన్స్‌ని వదిలేసిన గ్రాంట్ గురించి మీరేమనుకుంటున్నారు? డాన్, ఎలైజాల సంగతి కూడా గుర్తుపెట్టుకుని జవాబు రాయండి.
3. మీ తాతయ్యని గానీ అమ్మమ్మని గానీ అడిగి వంశవృక్షం గీయండి. వాళ్ళ చిన్నప్పుడు ఇంట్లో, పొలంలో పని చేసినవాళ్ళ పేర్లు ఏమైనా గుర్తున్నాయేమో కూడా అడగండి. చెప్పిన పేర్లన్నీ రాసుకోండి.