మనసు గాయానికి ప్రశ్నల కాగితం



పాపసంకీర్తనానికి వెళ్ళేముందు ఆత్మశోధన చేసుకొమ్మని మన గురువులు చిన్నప్పటినుంచి నేర్పారు. అందుకు జపపుస్తకంలో ప్రశ్నలు వరుసగా ఉంటాయి. వైద్యులు కూడ ఇటువంటి పట్టికనే వాడుతారు. అయితే వారు అడిగేది పాపాన్ని గురించి కాదు, గాయాన్ని గురించి. ఈ తేడా మొదటే మనసులో పెట్టుకోండి. భయంతో నిద్రపట్టనివారిని "నీకు విశ్వాసం చాలదు" అని నొప్పించే అలవాటు మన విచారణల్లోనూ ఉన్నది.

ఘోర ప్రమాదం, హత్య, తుఫాను, అయినవారి ఆత్మహత్య - ఇటువంటివి ఎదురైన కొందరిని నెలలు గడచినా ఆ ఘటన వదలదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో ఈ స్థితిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే పేరుతో తన గ్రంథంలో చేర్చింది. పొట్టిగా పి.టి.ఎస్.డి. అంటారు. దీనిని రక్తపరీక్షతోనో ఎక్స్‌రేతోనో పట్టుకోలేము. బాధపడేవారు నోరు విప్పి చెప్పాలి. అందుకే ఈ ప్రశ్నల కాగితాలు పుట్టాయి.

నేడు విరివిగా వాడే వాటిలో పి.సి.ఎల్-5 ఒకటి. గడచిన నెలలో ఫలానా బాధ ఎంత ఉన్నదని 20 ప్రశ్నలు అడుగుతుంది. అసలు లేకపోతే 0, విపరీతంగా ఉంటే 4, మొత్తం 80. పీడకలలు, వద్దన్నా కళ్ళముందుకు వచ్చే దృశ్యాలను గురించి 5 ప్రశ్నలు. ఆ తలపును, ఆ చోటును తప్పించుకు తిరగడం గురించి 2. తనను తాను నిందించుకోవడం, ఎవరిమీదా మమకారం పుట్టకపోవడం వంటివి 7. కోపం, ఉలికిపాటు, నిద్రలేమి వంటివి 6. సాధారణంగా మొత్తం 31-33కు చేరితే వైద్యుడు కూర్చోబెట్టి పరిశీలించాలని గుర్తు. అంతేగాని జబ్బు ఖాయమైనట్లు కాదు.

ఇటువంటి కాగితం విలువా, దాని హద్దూ మన దేశంలో భోపాల్‌లో తెలిసివచ్చాయి. 1984 డిసెంబరు 2-3 రాత్రి విషవాయువు లీకైన తరువాత, 1985 తొలినాళ్ళలో లక్నో మానసిక వైద్యులు అక్కడి 10 క్లినిక్కులలో 855 మంది రోగులను పరీక్షించారు. వాడినది ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఎస్.ఆర్.క్యు. అది కేవలం పి.టి.ఎస్.డి. కోసం చేసినది కాదు. మనసు బాధలన్నిటికీ కలిపి అవును, కాదు అని జవాబు చెప్పే 20 ప్రశ్నలు. 259 మందిపై అనుమానం కలిగింది. వారిలో 215 మందితో వైద్యులు నిదానంగా మాట్లాడగా 193 మందికి జబ్బు ఉన్నట్లు తేలింది. తక్కిన 22 మందికి లేదు. 44 మందిని పరీక్షించడం కుదరనేలేదు. ఆ 44 మంది సంగతే నన్ను ఎక్కువ కలచివేస్తుంది. జల్లెడ పట్టి ఊరుకుంటే సరిపోదు గదా!

ఇక మన ముప్పాళ్ళకు వద్దాం. అప్పుల బాధతో భర్త పురుగుమందు తాగి చనిపోయిన ఒక తల్లి ఉన్నదనుకోండి. ఆమెకు చదువు రాదు. కొడుకు చదువుతాడు, కోడలు పక్కనే ఉంటుంది. "అమ్మా, పీడకలలు వస్తన్నయ్యా?" "ఏం లేదులే నాయనా." కాగితం మీద సున్నా పడుతుంది. కాని మిరపచేలో మందు కొట్టే వాసన వస్తే ఆ తల్లి ఆ దారినే పోదు, చుట్టు తిరిగి ఇల్లు చేరుతుంది. గుండెదడ, నరాల నీరసం అని ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర సూది వేయించుకుంటుంది. తప్పించుకు తిరగడం గురించిన ఆ రెండు ప్రశ్నలూ అచ్చంగా ఆమెవే. ఆమె మాటల్లో అడిగినవారు లేరు. ఇంటివాళ్ళ ముందు చెప్పే ధైర్యమూ ఆమెకు లేదు.

ఎమ్మావు దారిలో ప్రభువుకు అంతా తెలుసు. అయినా ఆ ఇద్దరు శిష్యులనూ అడిగి, వారి నోటనే చెప్పించుకొని విన్నారు (లూకా 24).

కాబట్టి కాగితం చదివేది ఇంటివారు కాకుండా చూడండి. ఆరోగ్య కార్యకర్తగాని, శిక్షణ పొందిన మఠకన్యగాని వేరుగా కూర్చొని, తొందరపెట్టకుండా అడగాలి. జవాబు అందించకూడదు. చెప్పడం ఇష్టంలేని ప్రశ్న వదిలివేయనివ్వాలి. నింపిన కాగితం నలుగురి చేతిలో పడకూడదు. ఘటన జరిగిన వారం పదిరోజులకే మార్కులు లెక్కించవద్దు. తొలినాళ్ళలో నిద్ర లేకపోవడం ఎవరికైనా సహజమే. నెల దాటినా తగ్గకుంటే అప్పుడు చూడండి.

ఎస్.ఆర్.క్యు.లో బ్రతుకు చాలించుకోవాలనే తలంపు ఉన్నదా అనే ప్రశ్న ఒకటి ఉంది. దానికి "అవును" అంటే మొత్తం కూడుతూ కూర్చోకండి. ఆ మనిషిని ఒంటరిగా విడువక, వెంటనే టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. రాత్రింబగళ్ళు ఉచితంగా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. వెళ్ళేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకొనిపోండి. వైద్యం సాగిన కొన్ని వారాలకు అవే ప్రశ్నలు మళ్ళీ అడిగి, తొలి కాగితంతో పోల్చిచూస్తే గుణం ఎంత కనిపించిందో తెలుస్తుంది.