చార్మినారు రూపాయి: ద్వారాక్షర భేదము

హైదరాబాదు హాలీసిక్కా వెండి రూపాయిపై చార్మినారు ద్వారమున నొక యక్షరము కలదు. ‘మీమ్’ ఉన్నచో నాణెము మహబూబ్ అలీఖానుని కాలపుది. ‘ఐన్’ ఉన్నచో 1911లో గద్దె నెక్కిన ఉస్మాన్ అలీఖానునిది. ఇంతవరకు చిక్కు లేదు. హిజ్రీ 1330 నాటి ఉస్మానీ రూపాయిలలోనే పొట్టి ఐన్, పూర్ణమైన ఐన్ అను రెండు భేదములు కలవు. తరువాతి యేండ్ల ముద్రలలో పూర్ణాక్షరమే నిలిచినది.

అరిగిన నాణెమున పూర్ణాక్షరపు తోక మాసి పొట్టిదిగా భ్రమ గొల్పును. సేకర్తలు మోసపోవునది ఇచ్చటనే. కావున ముందుగా మీనారుల సన్నని గీతలను పరీక్షింపవలెను. అవి స్ఫుటముగా నుండి తోక మాత్రమే లేనిచో భేదము నిజమైనది. గీతలును మాసియున్నచో నిర్ణయము చేయకుండుటయే మేలు. తూకము తోడ్పడదు: రెండును సుమారు 11.18 గ్రాములు, నూటికి 81.8 పాళ్లు వెండి. భిలాయిలోని రిసాలి వంటి దూరపు వాడలో తెలుగువారి పెట్టెనుండి వెలువడిన నాణెమునైనను చింతపండుతో తోమరాదు. తోమినచో ఆ గీతలే మొదట పోవును.